‘సెక్యూరిటీ ఆపేస్తే పనిచేస్తుంది సార్’

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో సైబర్ మోసాల మీద అరపేజీ వేశారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోండి, తెలియని లింకు నొక్కొద్దు, తెలియని ఫైల్ తెరవొద్దు అని. మంచి మాటలే, కాదనను. కానీ ఆ చివరి మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. నాది కావలిలో ట్రంకు రోడ్డుకు కాస్త లోపలగా చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి తొమ్మిది దాకా నేను చేసేదే తెలియని వాళ్ల ఫైళ్లు తెరవడం. తెరవొద్దంటే నేను షట్టర్ దించుకుని ఇంటికి పోవాల్సిందే.

“అన్నా, నీ నంబరుకు ఆధార్ పంపినా, రెండు కాపీలు తీయి” అంటాడు ఒకడు. అల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఫోన్ నా చేతికే ఇచ్చి “దీంట్లో ఎక్కడో మా మనవడు అడంగల్ పెట్టినాడు నాయనా, చూడు” అంటాడు. కాలేజీ పిల్లలు పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్టు రిపోర్టు తెస్తారు, ఆ పెన్‌డ్రైవ్ అంతకు ముందు ఎన్ని షాపుల్లో దూరి వచ్చిందో దేవుడికెరుక. ఎంసెట్ అప్లికేషన్ల రోజుల్లో (ఇప్పుడు పేరు మారింది గానీ జనం నోట ఇంకా ఎంసెట్టే) కౌంటర్ ముందు పదిహేను మంది నిలబడి ఉంటారు, ఒక్కొక్కరి ఫైల్ ముందు వెనక చూసి తెరిచే టైమెక్కడిది.

ఈ ఉత్తరం రాస్తున్నది ఒక్క విషయం కోసం. మన జాగ్రత్తలన్నీ మనిషికి చెప్పేవే. కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాములకు ఎవరు చెప్పాలి? ఏ ప్రోగ్రాము ఏ ఫోల్డర్ జోలికి పోవచ్చు, ఏది రాయొచ్చు, ఏది చదివి ఊరుకోవాలి, ఏది నెట్‌కు పోకూడదు అని రూల్స్ పెట్టుకునే ఏర్పాటు కంప్యూటర్లలో ఏళ్ల నుంచీ ఉంది. దాని సంగతి మాలాంటి వాళ్లకు ఎవరూ చెప్పరు. పైగా అది ఒకరోజు పనికి అడ్డం వస్తే, సర్దుకోవడం నేర్పకుండా, మొత్తం ఆపేయమనే వాళ్లే ఎక్కువ. నా కొంప మునిగింది అలానే.

మూడేళ్ల కిందట బిల్లింగ్ కోసం ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాను. పేరెందుకులెండి. వేయడానికి వచ్చిన కుర్రాడు మంచివాడే, నడి ఎండలో బండి మీద వచ్చాడు, మజ్జిగ ఇస్తే తాగి పనిలో కూర్చున్నాడు. సగంలో ఏదో బాక్స్ వచ్చి ఆగింది. అతను దాన్ని చదవను కూడా చదవలేదు. టకటకా సెట్టింగుల్లోకి పోయి, విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ రక్షణలు వరసపెట్టి ఆపేసి, సీ డ్రైవ్ మొత్తాన్ని తనిఖీ నుంచి మినహాయించి, రోజూ నేను వాడే అకౌంట్‌ను అడ్మిన్ (అన్ని హక్కులూ ఉండేది) చేసి, “సెక్యూరిటీ ఆపేస్తే పనిచేస్తుంది సార్, అందరికీ ఇట్లానే పెడతాం” అన్నాడు. బిల్లు ప్రింటైంది. నేనూ సంతోషించి టీకి డబ్బులిచ్చి పంపించాను.

ఏడు నెలలు ఏమీ కాలేదు. పెళ్లిళ్ల సీజన్లో ఒక అబ్బాయి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ‘బయోడేటా’ అనే ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కాను. అది ఫోల్డర్ కాదు, ఫోల్డర్ బొమ్మ తగిలించుకున్న షార్ట్‌కట్. ఏమీ తెరుచుకోలేదు. “ఇంట్లో ఇంకో పెన్‌డ్రైవ్ ఉండాదన్నా, తెస్తా” అని అతను పోయాడు. మధ్యాహ్నం అన్నం తినొచ్చి చూస్తే శుభలేఖల డిజైన్లు, ఫ్లెక్సీల ఫైళ్లు, ఖాతాలు, ఏళ్ల తరబడి దాచుకున్న ఫారాల నమూనాలు, అన్నింటి పేర్ల చివరా అర్థం లేని అక్షరాలు. ఏదీ తెరుచుకోదు. ఫోల్డర్ ఫోల్డర్‌కీ ఒక టెక్స్ట్ ఫైల్, డబ్బు కట్టమని. కట్టలేదు. నాలుగు నెలల పాత బ్యాకప్ డిస్కు ఇంట్లో బీరువాలో ఉండబట్టి బతికాను. ఆ నాలుగు నెలల పని మాత్రం పోయింది, అందులో ముగ్గురి శుభలేఖలు మళ్లీ మొదటి నుంచి టైప్ చేయాల్సి వచ్చింది, ఒకాయన అడ్వాన్సు వెనక్కి తీసుకుని పోయాడు.

ఆ కుర్రాడిని తిట్టాలని కాదు. అతనికి వాళ్ల ఆఫీసులో నేర్పించిందే అది.

తర్వాత మా మేనల్లుడు, నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వచ్చి కూర్చుని చెప్పాడు: “మామా, అది తలుపులేం పగలగొట్టలా. నీ పేరు చెప్పుకుని దర్జాగా లోపలికి పోయింది.” మామూలుగా కంప్యూటర్ అడిగేది ‘ఎవరు?’ అని మాత్రమే. పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయింది నేను కాబట్టి, ఆ తర్వాత నా అకౌంట్ కింద నడిచే ప్రతి ప్రోగ్రామూ నేనే అన్నట్టు లెక్క. ఫొటో చూపించే ప్రోగ్రాము నా ఖాతాల ఫైల్ తెరవొచ్చు. క్యాలిక్యులేటర్ నెట్‌కు పోవచ్చు. పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిన ఆ షార్ట్‌కట్ నా ఫైళ్లన్నీ తిరగరాయొచ్చు, ఎందుకంటే వాటిని తిరగరాసే హక్కు నాకుంది. ఏ ప్రోగ్రాము, ఎందుకు అని అడిగేవాడు మధ్యలో ఉంటే తప్ప దీనికి మందు లేదు.

ఈ ముక్క నేను చాలామందికి చెప్పి చూశాను, తోటి షాపుల వాళ్లతో సహా. అందరికంటే త్వరగా పట్టుకున్నది ఒక రొయ్యల గుంటల రైతు. లీజు కాగితాలు జిరాక్స్ తీయించుకోడానికి వచ్చి నా గోడు విని, “ఏముందబ్బా దాంట్లో. గుంట కాడ కాపలా ఉండేవాడికి మేత షెడ్డు తాళం ఇస్తాం, ఏరేటర్ల స్విచ్చి ముట్టుకోనిస్తాం, మందుల గది తాళం మాత్రం నా మొలతాడుకే ఉంటాది. వాడు దొంగని కాదు, వాడికి దాంతో పనేముంది?” అన్నాడు. నేను రెండు పేరాల్లో చెప్పలేనిది ఆయన కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి చెప్పేశాడు. దీన్నే కంప్యూటర్ పండితులు 1975లోనే రాసిపెట్టారంట, సాల్ట్‌జర్, ష్రోడర్ అని ఇద్దరు: ప్రతి ప్రోగ్రాముకీ దాని పనికి ఎంత కావాలో అంత అధికారమే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అని. నేను పుట్టక ముందు మాట అది. నా షాపుకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనేవాళ్లు ఒకసారి తమ ఫోన్ చూసుకోండి. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, యాప్ మనల్ని అడుగుతోంది కెమెరా వాడుకోనా, కాంటాక్టులు చూడనా అని. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’, ‘ఈసారికి మాత్రమే’ అని సగం సగం ఒప్పుకునే బటన్లు కూడా వచ్చాయి, రెండోది 2020లో ఆండ్రాయిడ్ 11తో. మా షాపు పక్కన పూలమ్మే ఆమె టార్చి యాప్ కాంటాక్టులు అడిగితే “లైటుకి మా చుట్టాలతో పనేందే?” అని తీసిపారేసింది. అదే తెలివి. అప్పుల యాప్‌లు ఫోన్లోని నంబర్లు, ఫొటోలు లాక్కుని బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీసిన కథలు మీ పేపర్లోనే చదివాం. చివరికి 2023లో గూగుల్, తమ ప్లే స్టోర్లో ఉండే పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అసలు అడగనే కూడదని రూలు పెట్టింది. యాప్ మంచిదా చెడ్డదా అని ఒక్కొక్కదానికీ పంచాయితీ పెట్టే బదులు, అప్పిచ్చే పనికి అవి అక్కర్లేదు అని ఒక్క గీత గీశారు. ఫోన్లో ఇంత అర్థమైన మనకు కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో తెలీదు, అన్నీ బార్లా తెరిచి కూర్చుంటాం.

సరే, నేనేం చేశానో చెప్తాను, ఎందుకంటే తలనొప్పి కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది.

విండోస్ 10లో 2017 చివరి నుంచి ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అని ఒకటి ఉంది. దానంతట అది ఆన్‌లో ఉండదు, మనమే వెతుక్కుని పెట్టుకోవాలి, డిఫెండర్ నడుస్తూ ఉండాలి. పెట్టాక డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో నమ్మకమైన ప్రోగ్రాములు తప్ప ఇంకేవీ రాయలేవు, చెరపలేవు. మన ఫోల్డర్లు కూడా ఆ లిస్టులో చేర్చుకోవచ్చు. పెట్టిన రెండో రోజే రచ్చ. నేను శుభలేఖలకు వాడే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌ను అది నమ్మలేదు. పెళ్లికూతురి తండ్రి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, లగ్నం టైము మార్చి సేవ్ కొడితే సేవ్ కావట్లేదు, మూలన చిన్న నోటీసు వచ్చి మాయమైపోతోంది. ఆయన వాచీ చూసుకుంటున్నాడు. నాకు చెమటలు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా చెయ్యి కూడా ఆ కుర్రాడి చెయ్యి పోయిన చోటికే పోయింది, మొత్తం ఆఫ్ చేసే బటన్ మీదికి. అక్కడే అర్థమైంది నాకు, జనం ఎందుకు ఆపేస్తారో. సోమరితనం కాదండీ అది, ఎదురుగా మనిషి కూర్చుని ఉంటాడు.

ఆపలేదు. అదే పేజీలో కింద ‘ఒక యాప్‌ను అనుమతించు’ అని ఉంది. ఇటీవల అడ్డుకున్న వాటి లిస్టు చూపిస్తుంది, అందులో నా డీటీపీ ప్రోగ్రాము పేరు ఉంది, దాని పక్కన ప్లస్ గుర్తు. నొక్కాను. సేవ్ అయింది. ఆ ఒక్కదానికే దారి ఇచ్చాను, మిగతా వాటికి తలుపు వేసే ఉంది. మొత్తం ఆపేయడానికీ దీనికీ తేడా మూడు క్లిక్కులు. ఆ మూడు క్లిక్కులు నేర్పేవాళ్లు లేకే మా షాపుల్లో సగం కంప్యూటర్లు ఇలా ఉన్నాయని నా గట్టి నమ్మకం. ఒకటి గుర్తుంచుకోవాలి, ఇది రాయడాన్నే అడ్డుకుంటుంది, చదవడాన్ని కాదు. ఫైళ్లు తిరగరాసి డబ్బులడిగే వాళ్ల నుంచి కాపాడుతుంది గానీ, కాపీ చేసి ఎత్తుకుపోయే వాళ్ల నుంచి కాదు.

ఎత్తుకుపోవడం సంగతే నాకు ఇంకా భయం, ఎందుకంటే నా దగ్గర ఉండేవి నావి కావు, ఊరి జనం ఆధార్లు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు వాళ్లు, ఇంటర్నెట్ కేఫుల్లో ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోకండి, చేసుకుంటే కాపీలన్నీ చెరిపేయండి అని ప్రకటన ఇచ్చారు. రెండు రోజుల్లో దాన్ని తప్పుగా అర్థం చేసుకునే వీలుందని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకున్నా నాకు మాత్రం గుచ్చుకుంది. ఆ మాట అన్నది నాలాంటి షాపు గురించేగా. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, జనం వివరాలకు తగిన కాపలా పెట్టకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని ఉంది. అంత నా మీద ఎవరూ వేయరనుకోండి, నా షాపు, పైన డాబా, పక్కన స్థలం కలిపి అమ్మినా అందులో వడ్డీకి కూడా చాలదు.

అందుకని కస్టమర్ల ఫైళ్లు తెరవడానికి విడిగా ఒక పాత కంప్యూటర్‌కు విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వేయించాను. దాంట్లో ‘యాప్‌ఆర్మర్’ అని ఒక కాపలాదారు ముందే ఉంటాడు. లినక్స్ కెర్నెల్లోకి, అంటే దాని గుండెకాయలోకి, 2010లో చేరిందంట. ఒక్కో ప్రోగ్రాముకీ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్, అందులో ఆ ప్రోగ్రాము పోగలిగిన దారుల పేర్లు, అంటే ఏ ఫోల్డర్, ఏ ఫైల్ అని, పక్కన అక్షరాలు. ఆర్ ఉంటే చదవొచ్చు, డబ్ల్యూ ఉంటే రాయొచ్చు. ఏ దారి రాసి లేకపోతే ఆ దారి లేనట్టే. నెట్‌కు పోవద్దని కూడా ఒక లైన్లో రాయొచ్చు. పీడీఎఫ్‌లు తెరిచే ప్రోగ్రాముకు రూల్స్ నా దాంట్లో ముందే రాసి వచ్చాయి.

దీంతో పడిన మొదటి దెబ్బ చెప్తాను, లినక్స్ వాడే మీ పాఠకులు ఎవరైనా ఉంటే నవ్వుకుంటారు. పీడీఎఫ్ ప్రింటర్ అని ఒకటి వేసుకున్నాం, ఏదైనా ప్రింట్ కొడితే కాగితం బదులు పీడీఎఫ్ ఫైల్ తయారవుతుంది. ఆ ఫైళ్లు మామూలుగా యూజర్ ఫోల్డర్లో ‘పీడీఎఫ్’ అనే చోట పడతాయి. నాకు అవి రెండో డిస్కులో ‘ఈరోజు’ అనే ఫోల్డర్లో పడాలి, రాత్రి షట్టర్ దించే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేసేస్తాను కాబట్టి. సెట్టింగ్ మార్చాను. ప్రింట్ కొడితే పోయినట్టే చూపిస్తుంది, ఫైల్ మాత్రం ఎక్కడా లేదు. ఫోల్డర్‌కు అన్ని హక్కులూ ఇచ్చి చూశాను, మూడు ఏడులు కొట్టడం అంటారు, అదీ చేశాను. ఊహూ. ఫోల్డర్ ‘రా’ అంటోంది, కాపలాదారు ‘పోవద్దు’ అంటున్నాడు, ఇద్దరూ ఒప్పుకుంటేనే పని జరుగుతుందని అప్పటికి నాకు తెలీదు. నెట్‌లో వెతికితే ఎవరో మహానుభావుడు ఒకటే సలహా, యాప్‌ఆర్మర్ తీసిపారెయ్ అని. ఊరు మారినా, కంప్యూటర్ మారినా ఆ మాట మాత్రం మారలేదు చూడండి.

మా మేనల్లుడు ఫోన్లోనే చెప్పి లాగ్, అంటే జరిగినవి కంప్యూటర్ రాసుకునే చిట్టా, తెరిపించాడు. ఒక పొడుగాటి లైను. అందులో ‘డినైడ్’ అని, దాని పక్కన ప్రింటర్ ప్రోగ్రాము పేరు, అది ముట్టుకోబోయిన దారి, నా ‘ఈరోజు’ ఫోల్డర్, చివర సి అనే అక్షరం, అంటే కొత్త ఫైల్ సృష్టించబోయిందని. ఏం జరిగిందో ఆ ఒక్క లైన్లో మొత్తం ఉంది. దొంగతనం జరిగాక పోలీసులు కూడా ఇంత వివరంగా రాసుకోరు. ఆ ప్రింటర్ రూల్స్ ఫైల్ తెరిచి, పాత ‘పీడీఎఫ్’ ఫోల్డర్‌కు ఉన్న రెండు లైన్ల కింద నా ఫోల్డర్ పేరుతో ఇంకో రెండు లైన్లు చేర్చాను. మొదటిసారి లైను చివర కామా మర్చిపోతే మొత్తం లోడే కాలేదు, అరగంట దాని కోసం. కామా పెట్టి మళ్లీ లోడ్ చేస్తే టక్కున ఫైల్ వచ్చి పడింది.

ఈ రూల్స్ వంగుతాయి, అదే వీటి గొప్ప. ఒకేసారి బిగించనక్కర్లేదు. ‘కంప్లెయిన్’ అని ఒక పద్ధతి ఉంది, అందులో పెడితే కాపలాదారు ఎవర్నీ ఆపడు, ఎవరు ఎటు పోయారో రాసుకుంటాడు అంతే. వారం రోజులు మామూలుగా పని చేసుకుని, తర్వాత ఒక కమాండ్ కొడితే రాసుకున్నవన్నీ ఒక్కొక్కటే చూపించి ఒప్పుకుంటావా, కాదంటావా అని అడుగుతుంది. కొత్తగా పనిలో పెట్టుకున్న మనిషిని వారం గమనించి తర్వాత తాళాలు ఇచ్చినట్టు. కాకపోతే ఇక్కడే బుర్ర పెట్టాలి. అడిగిన ప్రతిదానికీ ఒప్పుకుంటూ పోతే ఆ వారంలో జరిగిన చెడు కూడా రూల్ అయి కూర్చుంటుంది. నేను మొదట అలానే, ఒప్పుకోడానికి ఉండే ‘A’ అక్షరం బటన్ నొక్కుతూ పోయాను, సీరియల్ చూస్తూ. మేనల్లుడు వచ్చి తిట్టి అంతా చెరిపించాడు.

ఇంకోటి స్టార్ గుర్తు. ఫైల్ పేరు బదులు ఒక స్టార్ పెడితే ఆ ఫోల్డర్లో ఉన్నవన్నీ, రెండు స్టార్లు పెడితే దాని లోపలి ఫోల్డర్లు, వాటి లోపలివి, అడుగు దాకా అన్నీ. రెండు స్టార్లు పెడితే ఇంక ఎప్పటికీ ఏ అడ్డమూ రాదు, హాయిగా ఉంటుంది, కానీ ఎక్కడ పెడుతున్నామో చూసుకోకపోతే రూల్ ఉన్నా లేనట్టే. ‘ఈరోజు’ ఫోల్డర్‌కు నేను రెండు పెట్టాను, రాత్రికి ఖాళీ అయ్యేదేగా. ఖాతాల ఫోల్డర్ వైపు ఒక్కటి కూడా పెట్టలేదు, పైగా అటు పోవద్దని విడిగా ‘డినై’ రాశాను. అనుమతీ నిషేధమూ రెండూ ఉంటే నిషేధానిదే గెలుపు. ఎంత వెడల్పు అన్నది కంప్యూటర్ చెప్పదు, మనమే తేల్చుకోవాలి, షాపు మనది కాబట్టి.

పెద్ద పెద్ద సర్వర్లలో ఎస్ఈలినక్స్ అని ఇంకా గట్టిది వాడతారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ వాళ్లు చేసి 2000లో అందరికీ వదిలారు, 2003లో లినక్స్ కెర్నెల్లో కలిసింది. వింతేమిటంటే అది మన జేబుల్లోనే ఉంది, ఆండ్రాయిడ్ 5 నుంచి ప్రతి ఫోన్లో లోపల అదే కాపలా. యాప్‌ఆర్మర్ దారి పేరు చూస్తుంది, ఇది ఫైల్ మీద ముద్ర చూస్తుంది. బియ్యం మిల్లు వాళ్లకైతే ఇట్టే అర్థమవుతుంది: ఒకరు గోడౌన్ నంబర్ చూసి పంపిస్తారు, ఒకరు గోతాం మీద ముద్ర చూసి. మూట ఒక గోడౌన్ నుంచి ఇంకోదానికి మారినా ముద్ర దానితోనే పోతుంది, అదే మంచీ, అదే చిక్కూ. పాత ముద్రతో కొత్త చోటికి జరిపిన ఫైల్ తెరుచుకోక తలలు పట్టుకునే వాళ్లు బోలెడు మంది. దాంట్లో కూడా మొత్తం ఆపే పని లేదంట, ఇబ్బంది పెట్టే ఒక్క ప్రోగ్రామును మాత్రం ‘చూసీ చూడనట్టు’ పద్ధతిలో పెట్టి మిగతావాటికి కాపలా ఉంచొచ్చు. దాని జోలికి నేను పోలేదు, నాకు ఇది చాలు.

ఇవి పెట్టుకుంటే ఇంక ఏమీ కాదని నేను అనను. కస్టమర్ తనంతట తాను ఓటీపీ చదివి వినిపిస్తే ఏ రూలూ ఆపలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ నేనే కొట్టి ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తే కాపలాదారు నాకే సెల్యూట్ కొడతాడు. బ్యాకప్ డిస్కు ఇప్పటికీ బీరువాలోనే, ఇప్పుడు వారానికోసారి.

మీ ద్వారా అడగాలనుకున్నది సాఫ్ట్‌వేర్ అమ్మే వాళ్లను. మందు సీసాతో కాగితం వస్తుంది కదా, అట్లా మీ ప్రోగ్రాముతో ఒక్క పేజీ ఇవ్వండి: ఇది ఈ ఫోల్డర్లలో రాస్తుంది, నెట్‌వర్క్‌కు ఈ పోర్టు (తలుపు నంబరు) వాడుతుంది, ఈ సర్వర్‌తో మాట్లాడుతుంది అని. తయారు చేసింది మీరే, మీకు తెలియకుండా ఉంటుందా? అది ఉంటే వేయడానికి వచ్చిన కుర్రాడు ఆ దారులకే అనుమతి పెట్టి పోతాడు. సర్కారు ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ కొనే అధికారులు కూడా ఆ పేజీ లేకుండా బిల్లు పాస్ చేయకపోతే ఒక్క ఏడాదిలో అందరూ దారికొస్తారు, మా మాట వినరు గానీ బిల్లు ఆగితే వింటారు. పాలిటెక్నిక్‌ల్లో హార్డ్‌వేర్ నేర్పే సార్లు, యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయడం ల్యాబులో మొదటి రోజే చూపించడం మానేసి, అడ్డం వచ్చే ఆ బాక్స్ చదవడం చూపించండి. మీ పేపర్లో కూడా ఆ అరపేజీ పక్కన, విండోస్‌లో ఒక్క యాప్‌కు అనుమతి ఇవ్వడం ఎలాగో బొమ్మలతో వేస్తే నాలాంటి వాళ్లు కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

పోయిన నెల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయడానికి అదే కుర్రాడు వచ్చాడు. పెళ్లయిందంట, స్వీటు తెచ్చాడు. ఇన్‌స్టాల్ సగంలో అదే బాక్స్. చెయ్యి సెట్టింగుల వైపు పోతుంటే మౌస్ నేను పట్టుకున్నాను. “అసలు దీనికి ఏ ఫోల్డర్ కావాలో కనుక్కో అబ్బాయ్” అన్నాను. తెలీదన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేశాడు, వాళ్లకీ తెలీదు, వాళ్లు ఇంకెవరికో కలిపారు, స్పీకర్లో పాట వస్తూ ఉంది, ఇద్దరం ఆ స్వీటు తింటూ కూర్చున్నాం. ఇరవై నిమిషాల తర్వాత ఎవరో వచ్చి చెప్పారు. డాక్యుమెంట్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్ పేరుతోనే ఉండే ఫోల్డర్, బిల్లుల కాపీలు దాచుకోడానికి. అదొక్కటే.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా